డెబ్బై పాళ్ళు

సోహార్ పోర్టు పక్కన, ఎనభై మీటర్ల మీద
నా గాజు అర్ర.
కింద రఫీకుల్ చెయ్యి తిప్పితె
నాలుగు టన్నుల పైపుల కట్టను
నిద్రపోయిన పిల్లను మంచం మార్చినట్టు తిప్పుత.
మెల్లగ తిప్పితె బరువుకు తిరిగినట్టే తెల్వదు,
తాడు నిట్టనిలువు.
ఒక్కసారి బ్రేకు కొట్టు,
నేను ఆగుత, క్రేను ఆగుతది,
బరువు మాత్రం
ఇంకా పాత మాట మీదనే పోతుంటది.

కోరుట్ల ఇంటర్ కాలేజీల
ఆరేండ్లు ఇదే చెప్పిన, సుద్దముక్కతోని.
అప్పుడు నా చేతికింద బరువు లేకుండె.

మంగళారం పొద్దున ఆరుగంటల పది నిమిషాలకు
కంపెనీ లేదు.
ముదీర్ రాత్రే విమానం ఎక్కిండట.
టిఫిన్లు పట్టుకొని, హెల్మెట్లు చంకల వెట్టుకొని
ఫలజ్ అల్ కబాయిల్ క్యాంపు గేటు ముందు
నలభై ఒక్క మందిమి
రాని బస్సుకు వరుస కట్టినం.
వరుస మస్తు సక్కగుండె.
నిన్నటి వరుసే, ఇంచు కదలలే.
దాని కింద నేల మారింది, గంతే.

మూడోనాడు కరెంటు వోయింది.
ఏసీ ఆగినంక గని తెల్వలే
అదెంత పెద్ద చప్పుడో.
చీకట్ల నా మణికట్టు మీద
పన్నెండు పచ్చటి గీతలు.
ఫిలిప్పీన్ సర్వేయరు
ఇంటికి పోతా పోతా ఏడు రియాళ్ళకు
అమ్మిపోయిన గడియారం.

"గీతలు ఎట్ల మెరుస్తున్నయ్ సార్, కరెంటు లేక?"
గంగనర్సు. నా క్లాసుల ఫెయిలయినోడు.
ఇప్పటికీ సార్ అంటడు.

చెప్పిన.
గీతకో సన్న గాజు గొట్టం, అండ్ల ట్రిటియం.
నడుమ ఒక గింజ, చుట్టు ఒక్క ఎలక్ట్రాను.
ఎప్పుడో, చెప్పకుండ, గింజ గుణం మారుతది.
లోపలికెల్లి ఒకటి ఎగిరిపోయి గాజుకు తగులుతది,
మనం చూసే పచ్చదనం ఆ దెబ్బ.
చుట్టు తిరిగేదానికి లాగుడు రెండింతలయితది.
అయినా ఆ గడియల అది ఏం చెయ్యదు.
పాత లాగుడుకు కుట్టించుకున్న అంగీ
అట్లనే తొడుక్కొని ఉంటది.
కొత్త లెక్కకు ఆ అంగీ
సగానికి సగం వదులు.

"మరి అటెన్క?"
వందల డెబ్బై పాళ్ళు
ఒదిగి, కిందిమెట్టు మీదనే కూసుంటది.
పాతిక పాళ్ళు ఒక మెట్టు పైన.
మిగిలిన ఐదుల సగం ఇంకా పైకి,
సగం మొత్తానికే తెంపుకొని.

"గట్టిగ లాగితె తెగుడేంది సార్?"

ఆరేండ్లల్ల ఒక్క పోరడు ఆ మాట అడగలే.
పైబెర్తు మీదికెల్లి ఎవరో, "ఖల్లివల్లి, పండుండ్రి" అన్నరు.
లాగుడు పెరిగినందుకు కాదురా,
మెల్లగ పెరగనందుకు, అన్న.
మెల్లగ పెరిగితె నూటికి నూరు ఉండేటిది,
అంగీ కొంచెం కొంచెం బిగించుకుంట.

గంగనర్సు వేళ్ళు లెక్కవెట్టిండు.
"అయితె నలభై ఒక్కల్ల
ఇరవై తొమ్మిది మందిమి ఉంటమన్నట్టు."
అట్ల గాదు.
మందిని పంచుడు గాదు.
ఒక్కదాంట్లనే అన్నీ ఉంటయి,
ఉండుడు, ఎక్కుడు, తెగుడు,
ఎవరన్న అడిగేదాక.

శానా సేపు సప్పుడు చెయ్యలే.
చెమట వాసన, ఎవరిదో దగ్గు.
"గదే సార్" అన్నడు, "మూడ్రోజులసంది నాకు గట్లనే ఉంది."

ఆదివారం లేబర్ ఆఫీసుకు పోతుంటె
వ్యాను కిటికీలకెల్లి నా క్రేను కనవడ్డది.
పని బందయితె తిరుగుడు బ్రేకు ఇడిచివెట్టి దిగాలె,
గాలి ఎటుంటె అటు తిరగనియ్యాలె,
పట్టి ఉంచితె కూలుతది.
సోమవారం ఇడిచిన్నా, లేదా?
ఎంత యాది చేసుకున్నా వస్తలేదు.
ఫ్లైఓవరు దాటేదాక మెడ తిప్పి చూసిన.
సముద్రం దిక్కున్న దాని పొడుగు చెయ్యి
కొంచెం, కొంచెం
కొండల దిక్కు వస్తున్నది.

కౌంటర్ల నల్ల షేలా కట్టుకున్న పిల్ల.
గంగనర్సు బతాకా తీసుకొని
హిందీల అడిగింది:
ఉంటవా, వేరే కంపెనీకి మారుతవా, పోతవా?
వాడు నోరు తెరిచిండు. మూసిండు.
తెరిచి,
"మా సార్ చెప్తడు" అన్నడు.

ఆమె పెన్ను పట్టుకొని నా దిక్కు చూసింది.